జ్వరంలో ఉన్న బాలింతకు వెన్ను సూది తలనొప్పి

అమ్మలూ,

వెన్నులో మత్తు సూది వేసి సిజేరియన్ చేసిన రెండో రోజు నుంచి బాలింతకు తలనొప్పి, పైగా డెంగీ, ప్లేట్‌లెట్లు 60 వేలు. సూది గుచ్చిన చోట వెన్ను నీరు కారకుండా ఆమె రక్తంతోనే వేసే బ్లడ్ ప్యాచ్ వేసేయమంటావా పెద్దమ్మా అని అడిగావు. ఇప్పుడు వద్దు తల్లీ.

ముందు నువ్వే మంచం దగ్గరికి వెళ్లి ఆమెను లేపి కూర్చోబెట్టు, గడియారం చూడు. వెన్ను నీరు కారడం వల్ల వచ్చే నొప్పి అయితే 15 నిమిషాల్లోపే ఎక్కువవుతుంది, ఆమె చెయ్యి మెడ వెనక్కి పోతుంది. పడుకోబెడితే అంతే త్వరగా తగ్గుతుంది. డెంగీ నొప్పి కళ్ల వెనక ఉంటుంది, పడుకున్నా వదలదు. రెండూ కలిసే ఉండొచ్చు కూడా.

కొత్తలో నేనొకసారి కేసు షీటు చూసి "సూది నొప్పే" అని రాసేశాను. పడుకున్నా తగ్గట్లేదమ్మా అని బాలింత తల్లి చెబుతూనే ఉంది, నేను వినలేదు. ఫిట్స్ వచ్చాక స్కాన్ చేయిస్తే మెదడు సిరలో రక్తం గడ్డ. ఆ బాలింత బతికింది కానీ, వాళ్లమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నొప్పి తీరు మారినా, మెడ బిగుసుకున్నా, మాట తడబడినా స్కాన్‌కు ఆలస్యం చేయకు.

ప్యాచ్ కోసం ఆమె చేతి నుంచే 15, 20 మి.లీ. రక్తం తీసి ఎపిడ్యూరల్‌లోకి, అంటే వెన్నుపాము పొర బయటి ఖాళీలోకి, ఎక్కిస్తాం కదా. జ్వరంలో ఉన్న రక్తాన్ని అక్కడ పెట్టడం ఒక భయం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు గుచ్చితే రక్తం చేరి వెన్నుపామును నొక్కేస్తుందన్నది అంతకన్నా పెద్ద భయం. 1898లో తన వెన్నులోనే సూది వేయించుకున్న జర్మనీ సర్జన్ ఆగస్ట్ బియర్ 9 రోజులు మంచం పట్టి, ఏ ప్యాచూ లేకుండానే లేచాడు. చాలామందికి వారం, రెండు వారాల్లో దానంతటదే మానుతుంది.

అందాకా పారాసెటమాల్, రోజుకు రెండు మూడు సార్లు కాఫీ. సిజేరియన్ ఆర్డర్లలో అలవాటుగా రాసే నొప్పి మందు డైక్లోఫెనాక్ ఆపించు, దాంతో రక్తస్రావం భయం పెరుగుతుంది. ఈ నొప్పికి సెలైన్ బాగా ఎక్కించమంటారు, డెంగీలో ఆ పని చేయకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పక్కకు పడుకుని పాలివ్వడం దగ్గరుండి నేర్పించు. కాళ్లు కదిలిస్తూ ఉండమను.

జ్వరం పోయి, ప్లేట్‌లెట్లు లక్ష దాటాక కూడా ఆమె మంచం దిగలేకపోతే అప్పుడు ప్యాచ్ వేద్దాం.

హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంగతి వేరు. రక్తంతో వైరస్ వెన్నులోకి పోతుందని ఒకచోట ఒకామెను ఐదు రోజులు నొప్పితో ఉంచేశారు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే మెదడు నీటిలోకి చేరిపోతుంది. అలాంటివాళ్లకు ప్యాచ్ వేసి నెలల తరబడి గమనించినా నరాల సమస్యలేమీ రాలేదు. జ్వరం, వేరే ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయం లేకపోతే వాళ్లకు కాదనకు.

రేపు ప్లేట్‌లెట్ల రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి. రాత్రయినా ఫరవాలేదు.

మీ పెద్దమ్మ