తాత పోయాక ఎవరి మాటా వినడం లేదు

ప్రశ్న: మాది ఒడిశాలో గంజాం జిల్లా, పాత్రపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా ఆయన సూరత్ మగ్గాల్లో పని, ఏడాదికోసారి వస్తారు. అబ్బాయికి 15 ఏళ్లు. బడి ఎగ్గొడుతున్నాడు, బియ్యం డబ్బాలో దాచిన 500 తీశాడు, క్లాసులో ఒకడి పెదవి పగలగొట్టాడు. పెద్ద కుర్రాళ్ల బండెక్కి ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం పోయి రాత్రికొస్తాడు, నోట్లో గుట్కా వాసన. బావగారు బెల్టుతో కొట్టినా మారలేదు. ఇదివరకు తాతతో మొగలి పూలు కోయడానికి పోయేవాడు, పోయినేడు మా మామగారు కాలం చేశారు. ఆయన సైకిల్ చైను తెగి మూలన ఉంది, అమ్ముదామంటే గొడవ చేశాడు. హాస్టల్లో వేసేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఆ హాస్టల్ మాట పక్కన పెట్టండి. ఉన్న మనుషులు తగ్గిపోవడం వల్లే వాడు ఇలా తయారైతే, మిగిలిన మిమ్మల్ని కూడా దూరం చేస్తే ఎలా?

దొంగతనం గురించి, గుట్కా గురించి అన్నీ రాశారు, మామగారి గురించి రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను అక్కడే ఆగిపోయాను. చీకటితోనే లేచి, దోటికర్ర భుజాన వేసుకున్న తాత వెనక గట్లమ్మట నడిచి, చేతులు ముళ్లకి గీరుకుపోయినా పూలు కోసి, వాడిపోకముందే అత్తరు తీసే భట్టీకి చేర్చి, ఆ సైకిల్ వెనక కూర్చుని ఇంటికొచ్చిన పిల్లాడు వాడు. పని నేర్పేవాడు, బడిలో ఎవడైనా ఏడిపిస్తే చెప్పుకోవడానికి ఒక మనిషి, తప్పు చేస్తే మొహం చూపించలేక సిగ్గుపడే పెద్దదిక్కు, ముగ్గురూ ఆయనే. ఒక్కరోజులో ముగ్గురూ పోయారు.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాలన్నీ మీదపడిన పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగానే ఎదిగారు. చాలామందికి తాతో, అమ్మమ్మో, మాస్టారో, ఎవరో ఒక పెద్దమనిషి వదలకుండా తోడున్నారు. మీవాడికి ఆ మనిషి ఎవరో మీకు తెలుసు.

అయితే అండ ఉంటే చాలు, పిల్లాడు బాగుపడతాడని నేననను. ఆ బండి కుర్రాళ్లది కూడా అండే, అందుకే వాళ్లని వదలడు. వెళ్లొద్దంటే ఇంకా అంటుకుంటాడు. వాళ్లకి బదులు ఎవరున్నారో చూడాలి. ఇచ్ఛాపురం వైపు మేనమామ వరసవాళ్లు ఎవరైనా ఉంటే వారానికోసారి అక్కడికి పంపండి, ఎలాగూ అటు పోతూనే ఉన్నాడు కదా! బడిలో తెలుగు వచ్చిన మాస్టారు ఉంటే వెళ్లి కలవండి. పెదవి పగలగొట్టాడని రాశారు గాని ఎందుకు కొట్టాడో రాయలేదు. అడిగారా? తెలుగోడని ఏడిపించారేమో, తాతని ఏమైనా అన్నారేమో, నాకైతే తెలీదు, మీరే కనుక్కోవాలి.

బావగారి బెల్టు మాత్రం వద్దే వద్దు. దెబ్బలు తిని గడప దాటాక వాడు పోయేది ఆ బండి దగ్గరికే. అలాగని 500 ఊరికే వదిలేయకండి. వానలకి మొగలి పూస్తుంది, బడికి ముందు ఒక గంట పూలు కోసి, భట్టీలో వేసి, ఆ డబ్బు తిరిగి డబ్బాలో పెట్టాలని చెప్పండి. దోటి వాడి చేతికే ఇవ్వండి. రాత్రి ఎంత ఆలస్యమైనా అన్నం మీరే వడ్డించి పక్కన కూర్చోండి, ఎక్కడికెళ్లావని ఒక్కసారి అడగండి, పోలీసు విచారణలా వద్దు.

మీ ఆయన ఫోన్ చేయగానే వారం రోజుల ఫిర్యాదులూ వినిపించి, తర్వాత ఫోన్ వాడికిస్తున్నారనుకుంటా, చాలా ఇళ్లలో జరిగేదిదే. మగ్గం దగ్గర 12 గంటలు నిలబడి వచ్చిన మనిషి అరుస్తాడు, వీడు కట్ చేస్తాడు. ఈసారి ముందు వాడికే ఇచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. ఫిర్యాదులు తర్వాత మీరూ ఆయనా మాట్లాడుకోండి.

ఇంతా రాశారు, మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. టెన్షన్ అంతా మీరొక్కరే మోస్తుంటే ఏదో ఒక రాత్రి మీ చెయ్యి కూడా లేస్తుంది. మిషన్ శక్తి మహిళా సంఘంలో ఉంటే మీటింగు అయ్యాక కాసేపు అక్కడే కూర్చుని, నమ్మకమున్న ఒకావిడతో చెప్పుకోండి.

చచ్చిపోతానని అన్నా, కత్తి పట్టినా, మందు మొదలుపెట్టినా ఆలస్యం చేయకండి. మనసు బాధలకి సర్కారు పెట్టిన 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది.

సైకిల్ అమ్మకండి. ఆదివారం కొత్త చైను తెచ్చి, ఏమీ అనకుండా దాని పక్కన పెట్టండి. వాడు బిగిస్తుంటే దగ్గర కూర్చుని, మీరు ఆ ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో మామగారు దాని మీద ఎక్కడెక్కడికి తిరిగేవారో చెప్పండి.