అమ్మానాన్నలతో యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్: నాలుగు రోజులు సరిపోతాయా?

జూన్‌లో ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, సాల్ట్ లేక్ సిటీలో కారు అద్దెకు తీసుకుని నాలుగు రోజుల్లో అమెరికాలోని యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ పార్కులు రెండూ చూపించాలనుకుంటున్నాం, పెద్దవాళ్లు తట్టుకోగలరా, ఏది వదిలేయొచ్చు అని అడిగారు. మేం రెండేళ్ల క్రితం జూన్‌లోనే, అదే ఊరి నుంచి, అరవై దాటిన మా అమ్మానాన్నలతో వెళ్లాం. తట్టుకోగలరండీ, ఆ టెన్షన్ వద్దు. కానీ వీలైతే నాలుగు రోజుల్ని ఐదు చేయండి. కుదరకపోతే చూసే చోట్లు తగ్గించండి. ఒక్కో చోట కూర్చునే సమయాన్ని మాత్రం తగ్గించకండి.

చాలామంది నేరుగా యెల్లోస్టోన్‌కి పోయి, తిరుగు దారిలో టీటన్ వైపు ఓ పూట తొంగిచూసి వస్తారు. పెద్దవాళ్లు ఉంటే ముందు టీటన్‌కే వెళ్లమంటాను. సాల్ట్ లేక్ సిటీ 4,200 అడుగుల ఎత్తులో ఉంది, టీటన్ పక్కనున్న జాక్సన్ ఊరు 6,200, యెల్లోస్టోన్ సరస్సు 7,700 దాటుతుంది. జాక్సన్ వైపు రెండు రాత్రులు ఉంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. అక్కడిదాకా డ్రైవ్ సుమారు ఐదు గంటలు.

టీటన్ కొండల్ని ఫోటోలో చూస్తే తెలియని సంగతి ఒకటుంది. మామూలుగా కొండలు చిన్న గుట్టలతో మొదలై మెల్లగా పెరుగుతాయి కదా. ఇక్కడ ఆ గుట్టలే లేవు. గడ్డి మైదానం అంచున గోడ కట్టినట్టు ఒక్కసారిగా లేస్తాయి. గ్రాండ్ టీటన్ శిఖరం 13,775 అడుగులు, లోయ నుంచి లెక్కేస్తే దాదాపు 7,000 అడుగుల నిలువు. భూమి పగిలిన గీత ఒకటి కొండల పాదాల వెంట ఉంది. ప్రతి పెద్ద భూకంపానికీ ఒకవైపు కొండ పైకి లేస్తుంది, మరోవైపు లోయ కిందికి దిగుతుంది. కోటి ఏళ్ల లోపు వయసున్న కొండలు కాబట్టి అంచులు ఇంకా అరగలేదు. ఈ లోయ హోటళ్లతో నిండిపోకుండా మిగలడానికి జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ అనే కోటీశ్వరుడు పెద్ద కారణం. ఏళ్ల తరబడి భూములు కొని, చివరికి ప్రభుత్వానికి ఇచ్చేశాడు. పార్కు 1950లో ఇప్పటి రూపానికి వచ్చింది.

అక్కడ మీ అమ్మానాన్నలకు రెండే చాలు. తెల్లవారుజామున ఆక్స్‌బో బెండ్ దగ్గర స్నేక్ నది ఒడ్డు, పగటిపూట జెన్నీ లేక్‌లో పడవ. గాలి లేని ఉదయం నదిలో మౌంట్ మోరన్ కొండ తలకిందులుగా కనిపిస్తుంది. మా నాన్న ఫోన్ జేబులో పెట్టేసి అరగంట అలాగే నిలబడ్డాడు.

అక్కడి క్యాబిన్‌లో మొదటి రాత్రి అమ్మ మామూలు గిన్నెలో అన్నం పెట్టింది. ఎంతసేపు ఉడికించినా పలుకు పోలేదు. ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఇక ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే కారులో పెట్టుకోండి. ఈ అన్నం గొడవ ఎందుకు చెబుతున్నానంటే, రెండు రోజుల తర్వాత యెల్లోస్టోన్‌లో, వేడినీళ్లు ఆగి ఆగి ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే బుగ్గ దగ్గర అదే పనికొచ్చింది.

మేం అక్కడికి చేరేసరికి జనం లేచి వెనక్కి వస్తున్నారు. నీళ్లు ఎగజిమ్మడం అప్పుడే అయిపోయిందట. తర్వాతిది మళ్లీ గంటన్నరకి. ఈలోపు ఇంకో రెండు చోట్లు చుట్టేసి వద్దామని నేను కారు వైపు బయల్దేరాను. అమ్మ బెంచీ మీద కూర్చుని, 'నేను కదలను, ఇక్కడే చూస్తా' అంది. ఆ గంటన్నరే మా ప్రయాణం మొత్తంలో బాగా గుర్తుండిపోయిన సమయం. నేల లోపల ఏం జరుగుతుందో అమ్మకి అప్పుడే చెప్పాను. లోతున కరిగిన రాతి వేడికి నీళ్లు కాగుతుంటాయి. పైన నిలిచిన నీటి బరువు వల్ల ఆ లోతు నీళ్లు మరిగే వేడిని దాటినా ఆవిరి కాలేవు. నీళ్లు పైకొచ్చే గొట్టంలాంటి దారిలో ఒకచోట ఇరుకు ఉంటుంది. పైనుంచి కాస్త నీరు పొర్లగానే బరువు తగ్గుతుంది, కింద నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొత్తాన్నీ ఎగజిమ్ముతాయి. అమ్మ కాసేపు ఆలోచించి, 'అంటే మొన్న నా అన్నం ఉడకనిది పైన బరువు చాలక, ఇక్కడ నీళ్లు ఆగింది బరువు ఎక్కువై. మన కుక్కరే కదరా' అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నాన్నది మణుగూరు. అక్కడ పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికి రావడం చూసిన మనిషి. 'అదీ ఇదీ చుట్టాలే' అంటూ ఉన్నాడు, ఈలోపు బుసబుసమంటూ నీళ్లు లేచాయి. సగటున 130 అడుగుల ఎత్తు, ఒకటిన్నర నుంచి ఐదు నిమిషాలు. పక్కన తెలుగు కుటుంబం ఎవరో దండం పెట్టుకున్నారు, అమ్మ కూడా పెట్టుకుంది. తర్వాతిది ఎప్పుడో రేంజర్లు విజిటర్ సెంటర్‌లో రాసి పెడతారు, పది నిమిషాలు అటూ ఇటూ. దారంతా చదునే, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది.

గ్రాండ్ ప్రిస్మాటిక్ వేడినీటి గుండానికి పొద్దున్నే వెళ్లకండి. చలికి ఆవిరి కమ్మేసి రంగులు కనపడవు. ఎండ బాగా వచ్చాక వెళ్లండి. నడుమ నీలం, అక్కడ ఏ రంగు సూక్ష్మజీవీ బతకలేనంత వేడి. అంచుకి వచ్చేకొద్దీ నీరు చల్లబడి పసుపు, నారింజ, గోధుమ రంగులు, ఒక్కో వేడికి ఒక్కో రకం జీవులు. ఈ చుట్టుపక్కల బుగ్గల్లోంచే 1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త బృందం ఒక బాక్టీరియాని సేకరించింది. దాని ఎంజైమ్ వేడికి చెడదు కాబట్టే పీసీఆర్ పరీక్ష ఇంత సులువైంది. కోవిడ్ రోజుల్లో మనందరి ముక్కులోంచి తీసిన నమూనాల పరీక్షకి మూలం ఇక్కడుంది. పైనుంచి చూడాలంటే ఫెయిరీ ఫాల్స్ దారిలో 0.6 మైళ్లు నడవాలి, ఎక్కేది వంద అడుగులే. మా అమ్మ రెండుసార్లు ఆగి ఎక్కేసింది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. యెల్లోస్టోన్ నది లోయలో లోయర్ ఫాల్స్ అనే 308 అడుగుల జలపాతం ఉంది. దాని అంచుకి దిగే దారిలోకి అమ్మని తీసుకెళ్లాను. ఆరు వందల అడుగుల మెలికల దిగుడు, దిగేటప్పుడు తెలియలేదు. ఎక్కేటప్పుడు అమ్మకి ఊపిరి అందలేదు, పెదాలు ఆరిపోయి మధ్యలో కూలబడింది. కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, పైకి తేవడానికి గంటకు పైగా పట్టింది. నాకు ఏడుపొచ్చేసింది. దయచేసి మీరు ఆ దారి జోలికి పోకండి. ఆర్టిస్ట్ పాయింట్ నుంచి అదే జలపాతం, పసుపు లోయతో కలిసి, పార్కింగ్‌కి కొద్ది దూరంలోనే కనపడుతుంది.

నాలుగు రోజులే అయితే వదిలేయాల్సింది మమ్మత్ హాట్ స్ప్రింగ్స్ అనే వేడినీటి బుగ్గల చోటు. బాగుంటుంది, కానీ ఉత్తరం చివర, రానూ పోనూ ఓ పూటంతా కారులోనే. ఆ పూట హేడెన్ వ్యాలీకి ఇవ్వండి. సాయంత్రం అడవిదున్నల్లాంటి బైసన్‌లు మందలుగా రోడ్డు దాటుతాయి, కారు గంటసేపు ఆగిపోవచ్చు. ఆగనివ్వండి. దిగి దగ్గరికి మాత్రం పోవద్దు, కనీసం 25 గజాలు దూరం, ఎలుగుబంట్లకి 100 గజాలు. బైసన్ నెమ్మదిగా కనిపిస్తుంది కానీ మనిషికి మూడింతల వేగంతో పరిగెడుతుంది. వేడినీటి గుండాల దగ్గర చెక్క బాట దిగడం కూడా అంతే ప్రమాదం, పైన గట్టిగా కనిపించే నేల కింద సలసల కాగే నీళ్లుంటాయి.

తిండికి చింతపండు పులిహోర, చపాతీలు, ఐస్ పెట్టెలో పెరుగు చాలు. పిక్నిక్ బల్లల మీద తిన్నాక ఒక్క మెతుకు కూడా వదలకండి, వాసనకి ఎలుగులు వస్తాయి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్‌లు ముందే దించుకోండి. జూన్ అయినా తెల్లవారుజామున మంచు పడే చలి ఉంటుంది, అమ్మగారికి శాలువా, సాక్సులు, మంకీ క్యాప్ అన్నీ పెట్టండి. పార్కు లోపలి గదులు నెలల ముందే అయిపోతాయి, రద్దయినవి అప్పుడప్పుడూ దొరుకుతాయి, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. మాకు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర ఒక రాత్రి అలాగే దొరికింది. జనమంతా వెళ్లిపోయాక, రాత్రి పదిన్నరకి, నక్షత్రాల కింద మేం నలుగురమే కూర్చుని ఇంకోసారి చూశాం.

వాళ్లకి మోకాళ్ల నొప్పులు, బీపీ లాంటివి ఏమైనా ఉంటే రాయండి, దాన్నిబట్టి ఏ రోజు ఎక్కడ ఆగాలో చెబుతాను.