మన ఊరి నీళ్లకి అప్పెందుకు పుట్టదు?

"విశాఖ 2018లో బాండ్లు (వడ్డీతో తిరిగిస్తామని రాసిచ్చే అప్పు పత్రాలు) వేసి 80 కోట్లు తెచ్చుకుంది కదా, విజయనగరం, శ్రీకాకుళం ఎందుకు తెచ్చుకోలేవు? నీటి చార్జీలు పెంచితే సరిపోదా?" అని అడిగారు.

చార్జీల సంగతి చివర చూద్దురుగాని. విజయనగరం జిల్లాలోనే ఒక పట్టణంలో (పేరెందుకులెండి) నీటి విభాగం లెక్కలు కొన్నేళ్లు చూశాను. డిమాండు రిజిస్టరులో (ఎవరెంత కట్టాలో రాసే పుస్తకం) ఉన్న కుళాయిలు వేరు, వీధుల్లో ఉన్నవి వేరు. రోడ్డు తవ్వినప్పుడల్లా ఎవరిదో తెలియని గొట్టం ఒకటి బయటపడేది. ఫిట్టర్లకి అన్నీ తెలుసు, కాగితం మీదికే రావు. మొండి బకాయిల్లో పెద్దవి గుడిసెలవి కావండీ, సర్కారీ ఆఫీసులవీ, క్వార్టర్లవీ. వసూలైన కుళాయి పన్ను జనరల్ ఫండులో కలిసిపోయేది, పంపుల కరెంటు బిల్లు ఇంకో పద్దులో పోయేది. నీటి మీద ఏడాదికి మిగిలిందా, తగిలిందా అంటే చెప్పేవాళ్లు లేరు. అప్పిచ్చేవాడికి ముందు కావలసింది ఆ లెక్కే.

అహ్మదాబాద్ 1998లో రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండానే 100 కోట్ల బాండ్లు వేసింది. అంతకు కొన్నేళ్ల ముందు దానివీ లోటు బడ్జెట్లే. ముందు వసూళ్లు బిగించారు, లెక్కలు సరిచేశారు. ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద అప్పట్లో వేసిన పన్ను) రాబడిలో కొంత నేరుగా ఎస్క్రో ఖాతాకి, అంటే వేరే పనికి వాడకుండా కట్టడి చేసిన ఖాతాకి, మళ్లించారు. అందులోంచి బాండ్ల వాయిదా పోయాకే మిగతా ఖర్చులు.

సర్కారీ బకాయిల మాటకొస్తే, కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో 1993లో సరఫరా చేసిన నీళ్లలో 72 శాతానికి డబ్బు వచ్చేది కాదు. అక్కడి నీటి సంస్థ అధిపతి ఏక్ సొన్ చాన్ ఇంటింటికీ మీటర్లు పెట్టించాడు. ఒక సైనిక జనరల్ ఇంటికి వెళ్తే తలకి తుపాకీ గురిపెట్టారట. అయినా వదల్లేదు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగింది. మన దగ్గర వసూలు ఆపించడానికి తుపాకీ అక్కర్లేదు, పై నుంచి ఒక ఫోను చాలు.

మన సైజు ఊళ్లకి నాకు నచ్చింది తమిళనాడు దారి. ఒంటరిగా బాండ్లు వేస్తే ఎవరూ కొనని పదికి పైగా చిన్న స్థానిక సంస్థలు 2002లో ఒకే ఫండు కింద చేరి దాదాపు 30 కోట్లు తెచ్చుకున్నాయి. అప్పు అసలులో సగానికి అమెరికా సహాయ సంస్థ (యూఎస్ఎయిడ్) హామీ ఇచ్చింది. అలా కలవాలన్నా ప్రతి ఊరూ తన లెక్క చూపించాలిగా!

ఇక నీళ్లతో పాటే చూడాల్సిన భూగర్భ డ్రైనేజీ ఖర్చు. దానికి విడిగా బిల్లిస్తే కట్టేవాడు అరుదు. నీటి బిల్లులోనే కలపాలి.

చార్జీలు పెంచమనే ముందు సమాచార హక్కు కింద మూడు అడగండి: డిమాండు–వసూలు–బకాయి పట్టిక, పంపుల ఏడాది కరెంటు బిల్లు, ప్రభుత్వ ఆఫీసుల బాకీ.