శిష్యుల చేతి దేవదూత

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

స్పెయిన్‌లోని సెవిల్‌లో నీకు పరిశీలనకు ఇచ్చిన దేవదూత చిత్రం పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు జుర్బరాన్ స్వయంగా వేసింది కాదని, ఆయన కార్యశాలలో తయారైందని తెలిసి నీ ఉత్సాహం చల్లారిందని రాశావు. నాకు మాత్రం సంతోషం వేసింది. గురువు వేసిన బొమ్మకు దండం పెట్టుకుని వచ్చేస్తాం. శిష్యులు వేసిన బొమ్మ ముందు నిలబడితే, ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ నిలదొక్కుకున్నారో తెలుస్తుంది. పని నేర్చుకునేవాళ్లకు కావలసింది అదే.

ఆ కార్యశాల ఎందుకు అంత పెరిగిందో ముందు తెలుసుకో. ఫ్రాన్సిస్కో దె జుర్బరాన్ 1629లో నగర పెద్దల పిలుపు మీద సెవిల్ వచ్చాడు. మరుసటి ఏడాదే అక్కడి చిత్రకారుల సంఘం పరీక్షకు రమ్మంటే ససేమిరా అన్నాడు. 1640లలో ఊళ్లో రాబడి తగ్గాక అమెరికా ఖండం వైపు చూశాడు. 1647లో పెరూ దేశపు లిమాలోని ఎన్‌కార్నసియోన్ మఠం ఒక్క ఒప్పందంలోనే మరియమాత జీవిత ఘట్టాలు 10, నిలువెత్తు కన్యా పునీతల బొమ్మలు 24 అడిగింది. ఒక్క మనిషి వల్ల అయ్యే పనా అది? పునీతలు, దేవదూతలు వరుసలు వరుసలుగా శిష్యుల చేతుల మీదుగా ఓడలెక్కారు.

వీలు చూసుకుని రైలెక్కి కాదిస్ వెళ్లిరా. హెరెస్ ఊళ్లోని కార్తూసియన్ సన్యాసుల మఠం కోసం జుర్బరాన్ వేసిన ధూపం వేసే దేవదూతలు అక్కడి మ్యూజియంలో ఉన్నారు. వాళ్ల వస్త్రాల మడతలు కంటికి పట్టేదాకా చూడు. కొలత లేకుండా పోల్చలేవు.

తిరిగి వచ్చాక నీ బొమ్మలో ముఖం జోలికి వెంటనే పోకు. అందమైన ముఖం మన తీర్పును లాగేసుకుంటుంది, పైగా గురువు చెయ్యి చేసుకుంటే అక్కడే చేసుకుని ఉంటాడు. పాదాల దగ్గర మొదలుపెట్టు. ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది? తర్వాత వేళ్లు. గబ్రియేలు దూత లిల్లీ కాడ పట్టుకుని ఉంటే, వేలు కాడను నిజంగా పట్టిందా, పక్కన ఆనించినట్టుందా? అచ్చు పెట్టి గీత దించుకున్న శిష్యుడికి చేతి ఆకారం సరిగ్గానే వస్తుంది, పట్టు మాత్రం రాదు. ఆ తర్వాత ఒక్క మడతను తీసుకుని నడుము పట్టీ కిందికి దూరిన చోటి నుంచి అంచు దాకా వెంబడించు. మధ్యలో తెగిపోయి, ఇంకెక్కడో తేలితే ఆ చెయ్యి చూసి వేసిందే కానీ అర్థం చేసుకుని వేసింది కాదు. రెక్క ఒంటికి కలిసే భుజం దగ్గర కూడా ఇదే పరీక్ష. ఈ నాలుగు చోట్లకూ ఎంత సమయం పట్టినా ఫరవాలేదు, తొందరపడకు.

నీలి వస్త్రం బూడిద రంగుకు తిరిగి ఉంటే పాపం శిష్యుణ్ణి అనకు. కోబాల్టు గాజును పొడి చేసి నూనెలో కలిపిన స్మాల్ట్ అనే నీలం కాలక్రమంలో అలాగే వెలిసిపోతుంది. నీడల్లో కనిపించే గోధుమరంగును కూడా మురికి అనుకోకు. సెవిల్ చిత్రకారులు కాన్వాసుకు అడుగుపూతగా ఆ ఊరి బంకమట్టిని వాడేవారు.

కాలం నిర్ణయించేటప్పుడు 1649ని మరిచిపోవద్దు. ఆ ఏటి ప్లేగు సెవిల్ జనంలో దాదాపు సగం మందిని తీసుకుపోయింది. తండ్రిలాగే చిత్రకారుడైన జుర్బరాన్ కొడుకు హువాన్ కూడా ఆ ఏడాదే పోయాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నివేదికలో మాత్రం ‘నాసిరకం నకలు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకు. పాదాల గురించి వేరుగా, వస్త్రం గురించి వేరుగా, ముఖం గురించి వేరుగా రాయి. ఒకే బొమ్మలో రెండు మూడు చేతులు ఉండవచ్చు. ఎక్స్‌రే చిత్రం ఉందేమో అడుగు, కాన్వాసు వెనకవైపు కూడా చూపించమను. అనుమతిస్తే ఆ వెనకవైపు ఫొటో నాకూ పంపు. అతుకులు ఎక్కడున్నాయో చూడాలని ఉంది.

ఇట్లు,
నీ పెద్దమ్మ