నల్గొండలో చేప గుడ్లు ఎప్పుడు దొరుకుతాయి, ఏ చేపవి కొనాలి?

మీరు కాకినాడ నుంచి బదిలీ మీద నల్గొండ వచ్చామని, ఇక్కడ చేప గుడ్లు విడిగా కనిపించడం లేదని, ఏ చేపవి బాగుంటాయో చెప్పమని అడిగారు. హైదరాబాద్‌లో సుషీ (జపాన్ వాళ్ల అన్నం వంటకం) మీద తిన్న నారింజ రంగు గుడ్లలాంటివి మన చేపలతో ఇంట్లో చేసుకోవచ్చా అనీ అడిగారు. ఆ చివరిదానికి ముందే జవాబు చెప్తున్నా, ఆ పని మాత్రం వద్దు. కారణం కింద ఉంది.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, అత్తగారిల్లు సాగర్ వైపు. ఇక్కడ గుడ్లను ట్రేలో సర్ది అమ్మే అలవాటు తక్కువ. గుడ్డున్న చేపను ఏరుకుని కొనాలి, లేకపోతే చేపలు కోసేవాళ్లతో పరిచయం పెంచుకోవాలి. ఆదివారం రద్దీలో చాలామంది పొట్టలో ఏముందో కూడా చూడకుండా "అవన్నీ తీసెయ్ అన్నా" అనేస్తారు. ఆ గుడ్లన్నీ కత్తిపీట పక్కన గిన్నెలో చేరతాయి. రద్దీ తగ్గాక వెళ్లి "గుడ్లున్నయా అన్నా?" అని అడగండి, చేప ధర కంటే చాలా తక్కువకే ఇస్తారు. కాకపోతే ఆ గిన్నె ఎండలో ఎంతసేపటి నుంచి ఉందో చూసుకోండి. పొర చిరగకుండా, మెరుస్తూ, పైన సన్నటి నరాలు ఎర్రగా కనబడితే తాజావి. నీళ్లు కారి జావలా అయిపోయినా, నరాలు నల్లబడినా వదిలేయండి.

చేపను చూసి కొనేటట్టయితే ఏ నీళ్లదో ముందు అడగండి. బజార్లో ఐసు పెట్టెల్లో కనబడే రవ్వ (రోహు), బొచ్చె (కట్ల) చేపల్లో చాలా భాగం ఆంధ్రలో పెంపకపు చెరువుల నుంచి లారీల్లో వచ్చినదే. ఈ రెండూ గుడ్డుకు రావడానికి రెండేళ్లు పడుతుంది, పెంపకం వాళ్లు చాలావరకు అంత ముదరనివ్వరు. అందుకే కిలో, కిలోన్నర చేప ఎన్ని కోయించినా గుడ్డు కనబడదు. సాగర్ చేప, డిండి చేప, మహబూబ్‌నగర్ వైపైతే జూరాల చేప అని అడిగి, రెండు కిలోలు దాటినది చూడండి. నిండుగా గుడ్డున్న మూడు కిలోల ఆడ రవ్వలో అరకిలో దాకా గుడ్డే ఉన్న సందర్భాలున్నాయి.

మే చివర నుంచి ఆగస్టు దాకా దీనికి అదను. రవ్వ, బొచ్చె వరద నీళ్లు పారితేనే గుడ్డు పెడతాయి. నిలవ నీళ్లలో పొట్ట నిండుతుంది కానీ గుడ్డు బయటికి రాదు, కాలం దాటితే లోపలే కరిగిపోతుంది. మృగశిర కార్తె నాటికి వీటి పొట్టలు నిండి ఉంటాయి. అయితే కార్తె మొదలయ్యే రోజు, అంటే జూన్ 7 లేదా 8న, మార్కెట్‌కు వెళ్లకండి. ఆ రోజు చేప తినాలని తెలంగాణ అంతా బజార్లోనే ఉంటుంది. ధర ఎక్కువ, ఏరుకునే ఓపిక అమ్మేవాళ్లకు ఉండదు. వారం ఆగితే అదే చేప నిదానంగా దొరుకుతుంది.

మిగతా నెలల్లో అయితే బంగారు తీగ (కామన్ కార్ప్) చేప. అది నిలవ నీళ్లలోనే, నాచుకూ గడ్డికీ అంటించి గుడ్డు పెడుతుంది, ఏడాదిలోపే గుడ్డుకొస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా కూడా దీనిలో గుడ్లుంటాయి. 2016 నుంచి ప్రభుత్వం ఊరి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లల్ని వదలడం మొదలుపెట్టాక బంగారు తీగ ఊళ్లలోనే బాగా దొరుకుతోంది. దీనిలో గుడ్డు బాగా ఎక్కువగా ఉంటుంది, రుచిలో మాత్రం నా ఓటు రవ్వకే. చెరువు అడుగున మేసే చేప కాబట్టి బంగారు తీగకు ఒక్కోసారి బురద వాసన వస్తుంది. కొర్రమీను గుడ్ల కోసం వెతక్కండి. అవి కొంచెమే ఉంటాయి, పైగా అది పిల్లల్ని కాపలా కాసే చేప.

తొలి వానలకు చెరువు అలుగు పోస్తే ఎదురెక్కే చేపల్ని జనం చీరలు, దోమతెరలు అడ్డం పెట్టి పట్టేస్తారు. అవన్నీ గుడ్డు పెట్టడానికి పోయేవే. సాయంత్రం రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతారు, చవక కూడా. నేను కొనను, మీరూ కొనొద్దనే చెప్తాను.

ఆడదా మగదా అన్నది పొట్ట లావు చూసి తేల్చకండి, మేత తిన్న మగది కూడా లావుగానే ఉంటుంది. ఈ కాలంలో ఆడచేప పొట్ట వేలితో నొక్కితే మెత్తగా కుంగుతుంది, కింది రంధ్రం ఎర్రగా ఉబ్బి ఉంటుంది. మగదానికి చెంపల దగ్గరి రెక్క లోపలి వైపు తడిమితే గరుకుగా తగులుతుంది, పొట్ట నొక్కితే పాలలాంటిది బయటికొస్తుంది. చూపించమంటే అమ్మేవాళ్లే నొక్కి చూపిస్తారు.

వండేటప్పుడు కుళాయి ధార కింద పెడితే పొర పగిలి సగం సింకులోకి పోతుంది. గిన్నెలో నీళ్లు పోసి, ఉప్పూ పసుపూ వేసి, చేత్తో తేలిగ్గా అటూ ఇటూ తిప్పి తీయండి. ఆకుపచ్చటి పసరు తిత్తి ముక్క ఏదైనా అంటుకుని ఉంటే ఆ మేరకు కోసి పారేయండి. అది చేదే కాదు, విషం కూడా.

మా ఇంట్లో ఎక్కువగా చేసేది పొరుటు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ధనియాల పొడి వేశాక మంట తగ్గించి గుడ్లు వేయాలి. వేసిన వెంటనే మూత పెట్టండి, లేకపోతే గుడ్లు చిట్లి నూనె ముఖం మీదికి ఎగురుతుంది. రెండు నిమిషాలాగి గరిటెతో పొడి చేస్తూ పోతే పచ్చిగా పారదర్శకంగా ఉన్నవి మెల్లగా తెల్లబడి, వేయించిన ఉప్మా రవ్వలాగా విడివిడిగా అవుతాయి. మధ్యలో ఎక్కడా జిగట మిగలకూడదు. దించే ముందు కొత్తిమీర, కొంచెం గరం మసాలా. అన్నంలో కంటే జొన్నరొట్టెతో బాగుంటుంది. మా అత్తమ్మ మాత్రం పొర చెదరకుండా మొత్తం గుడ్డును ఉప్పు, పసుపు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, గట్టిపడ్డాక బిళ్లలుగా కోసి పెనం మీద కాలుస్తుంది. వచ్చిన చుట్టాలకు పెట్టాలంటే అదే పద్ధతి. పులుసులో వేయాలంటే కూడా ఆ బిళ్లలే, అదీ చివర్లో.

ఇక సుషీ సంగతి. అక్కడ చిన్నగా కరకరలాడేవి ఎగిరే చేపవో కాపెలిన్ అనే చేపవో, పెద్ద నారింజ పూసలు సాల్మన్‌వి. కేవియర్ అంటే స్టర్జన్ చేపది. దాని వ్యాపారం మీద 1998 నుంచి అంతర్జాతీయ నియంత్రణ ఉంది, ధర ఆకాశంలో ఉండటానికి అదీ ఒక కారణం. ఇవన్నీ ఒక పద్ధతిలో ఉప్పు పట్టించి, చల్లగా నిలవచేసినవి. మన చెరువు చేప గుడ్డుకు ఇంట్లో ఉప్పు పట్టించి పచ్చిగా తింటే పరాన్నజీవుల భయం ఉంది, చల్లినంత ఉప్పుకు అవి చావవు. తినాలనిపిస్తే హైదరాబాద్‌లో మంచి దుకాణంలో చిన్న సీసా కొనుక్కోండి.

కొలెస్ట్రాల్, యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు తక్కువ తినడం మంచిది. మిగతావాళ్లకు టెన్షన్ అక్కర్లేదు, ప్రొటీన్, బి12 బాగా ఉంటాయి.

మగచేపలోని తెల్లటి మెత్తటి దాన్ని పారేస్తున్నామని రాశారు. అది కూడా తినేదే. ఉప్పు, కారం, బియ్యప్పిండి పట్టించి వేయిస్తే లోపల వెన్నలా ఉంటుంది. పొద్దున కొంటే మధ్యాహ్నానికి వండేయండి, గుడ్డు కంటే అది తొందరగా పాడవుతుంది.