పాత తెలుగు నవలలు మొదలుపెడితే ముందుకు సాగట్లేదు, మీరు ఎలా చదివారు?

1878 నాటి రాజశేఖర చరిత్రంతో మొదలుపెట్టి ఏళ్ల వరసలో రావాలని లిస్టు వేసుకున్నానన్నారు. ఆ లిస్టు పక్కన పెట్టేయండి. అది పరీక్షలకు చదివే పద్ధతి. మనకు తెలిసిన మనుషులు ఏ నవలలో కనిపిస్తే అందులోంచి మొదలుపెట్టాలి.

నేనైతే ముందు డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' చదవమంటాను. 1957-58లో సీరియల్‌గా వచ్చిన నవల. బాధ్యత పట్టని తండ్రిని ఇందిరే పోషిస్తుంటుంది. తనకేం కావాలో ఏమాత్రం దాచుకోదు. మేడ మీద అద్దెకుండే ప్రకాశానికి ఆమె మీద ఇష్టమే గానీ, మేనమామ ముందు నోరు పెగలదు. ఇందిర మీద ఒకచోట మండిపోతుంది, నాలుగు పేజీలు తిప్పేసరికి ఆమె అన్నదే న్యాయం అనిపిస్తుంది. ఆ తగాదా తేలేదాకా పుస్తకం కింద పెట్టలేం.

తర్వాత ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. జైల్లో రాసిన నవల. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దీన్ని మాత్రం బయటికి చదవండి, ఆ మాటలు అప్పుడే పలుకుతాయి. మా నాయనది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర వరి సేద్యం. కంటి ఆపరేషనై ఇంట్లో ఉన్నప్పుడు రోజూ కాస్త చదివి వినిపించేదాన్ని. కూలి ధాన్యంగా కాదు, డబ్బుగా ఇస్తామనే ఘట్టం వచ్చింది. మా వైపు ఇప్పటికీ వడ్ల ధర పుట్టి లెక్కనే చెప్తారు, అంటే 850 కిలోలు. ఆ లెక్కలు వేసీ వేసీ పండిన మనిషి కదా, నన్ను ఆపమని, "రేటు పెరిగితే ఆ పెరిగిందంతా ఆసామికే మిగలాల, అంతే గదా!" అన్నాడు. ఎదురుగా ఎవరో నిలబడ్డట్టే కోప్పడ్డాడు. విమర్శకులు పేజీలు పేజీలు రాసిన విషయం ఆయనకు ఒక్క మాటలో తెలిసిపోయింది. ఆసామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు, కూలీల పక్షాన నిలబడ్డ సంగదాసు చనిపోయే చోట ఇక చాలన్నాడు. మర్నాడు పొద్దున తనే పుస్తకం తెచ్చి నా చేతికిచ్చాడు.

తర్వాతి భాగాల్లో చర్చలు బాగా సాగుతాయి, నిజమే. అక్కడ విసుగొస్తే వేగంగా చదవండి, తప్పేం లేదు. సంగదాసు మీది చరమగీతం మాత్రం వదలొద్దు.

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' పెద్ద నవల, సెలవుల్లో పెట్టుకోండి, మధ్యలో ఆపితే మళ్లీ అందుకోవడం కష్టం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' అన్నిటికంటే నెమ్మదిగా చదవాల్సింది. తల్లి మీద లోకం వేసిన నింద కథానాయకుడు దయానిధిని ఎక్కడికెళ్లినా వదలదు. అందులో కథ కోసం తొందరపడితే ఏమీ దొరకదు. రోజుకో అధ్యాయం చాలు.