మోదుగు పూసినప్పటి నుంచి మృగశిర దాకా

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నువ్వూ, నీ ముగ్గురు మిత్రులూ ఈ వేసవిలో మన వైపు ఊళ్లు తిరిగి, పండుగలు చూసి, ఫొటోలు తీయాలనుకుంటున్నారని తెలిసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఏ లెన్సు కొనమంటావు మామయ్యా అని అడిగావు. ఏదీ కొనవద్దు. ఉన్నదానితోనే బయలుదేరండి. దాచిన డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తర్వాత చెబుతాను.

మే నెల సెలవులు చూసుకుని వస్తామన్నారు. అప్పటికి సగం వేసవి వెళ్లిపోతుంది. శివరాత్రి దాటింది కాబట్టి మొదట ఒక్క ఆదివారం వీలు చేసుకుని ములుగు దారి పట్టండి. ఆకంతా రాల్చుకున్న మోదుగు చెట్లు ఒంటినిండా పూసి ఉంటాయి. చిలుక ముక్కులాంటి ఆ పువ్వును దగ్గరగా తీయాలని అందరికీ అనిపిస్తుంది, తీయండి. కానీ వెనుక ఎండిన అడవీ, బూడిద రంగు కొమ్మలూ కూడా కనబడేలా ఒకటి తీసి చూడండి. ఆ ఎరుపుకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో అందులో తెలుస్తుంది. ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో రంగు పెంచవద్దు. మోదుగుకు మనం అద్దాల్సిన రంగేమీ మిగలలేదు.

ఆ తర్వాత ఇప్పపువ్వు. అది తెల్లవారుజామున రాలుతుంది. వెలుతురు పూర్తిగా రాకముందే కోయ ఆడవాళ్లు గంపలతో చెట్ల కిందికి చేరి ఏరుకుంటారు. ఆ వాసన ఫొటోలోకి రాదు, అయినా ఒకసారి పీల్చినవాడు తీసే ఫొటో వేరుగా ఉంటుంది. వాళ్లకు అది పొద్దున్నే చేసుకునే పని. మీరు అడ్డు నిలబడితే పువ్వు ఎండకు వాడిపోతుంది. అడిగి, పక్కన కూర్చుని, మీరూ నాలుగు దోసిళ్లు ఏరి గంపలో వేయండి. ఏప్రిల్ చివరికి తునికాకు మొదలవుతుంది. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో వరుసలు పేర్చి ఆరబెడతారు. ఆ వరుసల మీద సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడే వేళ కల్లం అంచున నిలబడితే చాలు. అభయారణ్యం లోపలికి మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు.

వరంగల్ వస్తే ఏనుమాముల మార్కెట్టుకు పొద్దున్నే వెళ్లండి. మిర్చి బస్తాలు వరుస కట్టే రోజులు ఇవే. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా, టమాటాలా ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు మాత్రం చూపు తిప్పనివ్వదు. అంత ఎరుపును కెమెరా తట్టుకోలేదు. మిరపకాయ మీది మెరుపులూ మడతలూ పోయి అంతా ఒకటే ముద్దగా వస్తుంది. కాబట్టి వెలుగు కొంచెం తగ్గించి తీయండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. రోజంతా ఆ మిర్చి ఘాటు గాలిలో బస్తాలు మోసే హమాలీలు ఏం కట్టుకున్నారో చూసి, అదే మీరూ కట్టుకోండి.

ఇక ఎండ సంగతి. రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. పైగా మన వరంగల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మే రెండో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన కాసేపటికి నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. ఆ వెలుగులో మనుషుల ముఖాలు తీస్తే కళ్లున్న చోట రెండు నల్లటి గుంటలు వస్తాయి. ఆ వేళ మనుషుల్ని వదిలేసి రామప్పకు వెళ్లండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందని నీకు తెలుసు. నేను చెప్పేది చూరు కింద నిలబడిన నల్లరాతి మదనికల గురించి. వాటి మీద ఎండ నేరుగా పడని ఆ సమయంలో, కింది రాతిపలకల నుంచి వెలుగు పైకి లేచి వాటి గడ్డాల కిందికి, చేతుల మడతల్లోకి వెళుతుంది. పొద్దున తొమ్మిదికి కనబడని గాజుల గీతలు అప్పుడు కనబడతాయి. పాదాలు కాలుతాయి, మందపాటి మేజోళ్లు తీసుకెళ్లండి. స్టాండు వేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

మిగతా రోజుల్లో పన్నెండు నుంచి నాలుగు వరకు కెమెరా సంచిలోనే ఉండాలి. తాటి చెట్టు కిందికి చేరి, గీత కార్మికుడు మోకు భుజాన వేసుకుని దిగే దాకా ఆగి, ముంజలు కొట్టించుకుని తినండి. అంబలి దొరికితే తాగండి, మామిడి తోటలో పడుకోండి. ఇది విశ్రాంతి కోసమే చెప్పడం లేదు. ఆ నాలుగు గంటల్లో మీ పక్కన కూర్చున్నవాళ్లే సాయంత్రం పండుగలో మిమ్మల్ని 'మా వాళ్లు' అని లోపలికి పిలుస్తారు. నా మంచి ఫొటోల్లో ముప్పాతిక వంతు మధ్యాహ్నపు నీడలో కలిసిన మనుషులవే.

పండుగల దగ్గరికి వస్తాను. పేరున్నవి ఎటూ చూస్తారు. ఉగాదికి ముందు ఆదివారం కొమురవెల్లిలో అగ్నిగుండాలు, శ్రీరామనవమికి ఇల్లందకుంటలో కల్యాణం, వేములవాడలో దేవుడికి అంకితమైన శివపార్వతుల సందడి, హనుమజ్జయంతికి కొండగట్టు మెట్ల మీద కాషాయపు వరద. ఒక్కొక్కటి ఒకసారి చూడాల్సిందే. అయితే అక్కడ మీలాంటి కెమెరాలు వందలుంటాయి, మీ మోచేతికి పక్కవాడి మోచేయి తగులుతూనే ఉంటుంది. నా మాట విని చిన్న ఊళ్ల పండుగలు వెతుక్కోండి. ఎల్లమ్మ పండుగ, బీరప్ప పండుగ, పోచమ్మ బోనాలు, బొడ్రాయి పండుగ. వీటి తేదీలు క్యాలెండర్లో ఉండవు. పంట చేతికొచ్చి, బతుకుదెరువుకు వెళ్లినవాళ్లు ఊరికి తిరిగొచ్చే వీలు చూసుకుని, పెద్దమనుషులు కూర్చుని నిర్ణయిస్తారు. బస్టాండు పక్కన టీకొట్టులో అడగండి, లేదా డోలు కొట్టే వాళ్లను అడగండి. డోలు కొడుతూ దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కళాకారులకు రాబోయే రెండు నెలల పండుగలన్నీ నోటికి వచ్చి ఉంటాయి.

బీరప్ప పండుగలో, మల్లన్న పట్నం అనే పెద్ద రంగుల ముగ్గు దగ్గర బండారి గాలంతా పచ్చగా ఎగురుతుంది. అక్కడ లెన్సు మార్చవద్దు. ఆ పసుపు ఒక్కసారి సెన్సరు మీద పడిందంటే అన్ని ఫొటోల్లోనూ మచ్చలే. డోళ్ల దగ్గర మాత్రం షట్టరును సెకనులో 30వ వంతుకు దించి చూడు. మనిషి ముఖం నిలకడగా ఉండి, చేతులు మాత్రం గాలిలా సాగుతాయి. డోలు వినబడే ఫొటో అది. రాత్రి గుడి ముందు రంగుల బల్బులుంటాయి, ఉన్న వెలుగుతోనే సర్దుకోండి. దేవుడికి అంకితమైన శివసత్తులకు పూనకం వచ్చినప్పుడు ముఖం మీద ఫ్లాష్ వేయడం నేను ఎన్నటికీ ఒప్పుకోను. అది ఆ మనిషికీ దేవతకూ మధ్య సమయం. ముందే పరిచయమై, వాళ్లు సరేనంటేనే, దూరం నుంచి తీయండి.

ఇప్పుడు నీకు నిజంగా చెప్పాలనుకున్న సంగతి. ఇరవై ఏళ్ల కిందట పరకాల వైపు ఒక ఊళ్లో ఎల్లమ్మ పండుగకు వెళ్లాను. సాయంత్రం ఐదున్నరకు, బోనం ఎత్తుకుని వస్తున్న ఒక పెద్దామె ముఖం మీద ఎండ బంగారంలా పడింది. పెద్ద లెన్సుతో ముఖం ఒక్కటే నిండుగా తీశాను. ముడతలు, నుదుటి బొట్టు, చెమట చుక్క, అన్నీ కుదిరాయి. దానికి బహుమతి వచ్చింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఆమెకు ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసి, వెనక్కి తిప్పి చూసి, "బోనం ఏది?" అని అడిగింది. ముఖం బాగా వచ్చిందమ్మా, అందుకే ముఖం తీశాను అన్నాను. "నా ముఖం అద్దంలో రోజూ చూసుకునేదే కదయ్యా. ఆ రోజు నా నెత్తి మీద అమ్మ ఉంది. అది లేకపోతే ఊరికే ఎండలో నిలబడ్డట్టు ఉన్నాను" అని ప్రింటు నా చేతికే ఇచ్చేసింది.

నేను ఆమెను తీశాననే అనుకున్నాను. నిజానికి ఆమె మీద పడిన ఎండను తీసుకుని వచ్చేశాను. పొద్దున్నుంచి ఉపవాసం ఉండి, కుండకు సున్నం, పసుపు పూసి, వేపమండలు కట్టి, అన్నం నింపి, పైన దీపం పెట్టి, ఆ దీపం ఆరకుండా అంత దూరం నడిచి వచ్చిన మనిషి ఆమె. ఆ కష్టమంతా నా చట్రానికి పై అంచున తెగిపోయింది. మరుసటి ఏడు వెళ్లి మళ్లీ తీశాను. ఈసారి కుండ, దీపం, ఆమె కొంగు పట్టుకుని నడిచే మనవరాలు, ముందు డప్పులు, అన్నీ ఉన్నాయి. బహుమతులకు పంపే ఫొటో కాదది. వాళ్లింట్లో దేవుడి పటాల పక్కన ఉంది.

అప్పటి నుంచి ఏ పండుగకు వెళ్లినా మొదటి గంట కెమెరా తీయను. ఇందులో మీకు ముఖ్యమైనది ఏమిటి అని ఇద్దరు ముగ్గురిని అడుగుతాను. వాళ్లు చూపించేది నేను ఊహించనిదే అవుతుంది. ఒక ఊళ్లో గుడి కాదు, గుడి చుట్టూ బండ్లు తిప్పడానికి ఆర్నెల్లుగా మేపిన ఎడ్ల జత. ఇంకో ఊళ్లో ఏడేళ్ల తర్వాత పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు అందరూ ఒకే అరుగు మీద కూర్చుని ఉండటం. లెన్సుకు దాచిన డబ్బు ప్రింట్లకు ఖర్చు పెట్టమని చెప్పేది ఇందుకే. ఫోనులో పంపడం తేలికే, పంపండి. కానీ కాగితం మీద అచ్చు వేయించి, మళ్లీ ఆ ఊరికి వెళ్లి, చేతికిచ్చి, వాళ్లు చూసేటప్పుడు ఎదురుగా నిలబడితే వచ్చే చదువు మరెక్కడా రాదు. మన వరంగల్‌లో పుట్టిన గుడిమల్ల భరత్ భూషణ్ గారు బతుకమ్మనూ, తెలంగాణ పల్లెనూ తీసిన ఫొటోలు దొరికినప్పుడల్లా చూడు. ఒక్కొక్క దాని ముందు ఐదు నిమిషాలు ఆగు.

మిత్రుల గురించి ఒక మాట. నలుగురూ ఒకే మనిషి ముందు నాలుగు కెమెరాలు ఎక్కుపెట్టవద్దు. ఎదుటివాళ్లకు అది దాడిలా ఉంటుంది. ఊళ్లోకి రాగానే నాలుగు వాడలకు విడిపోయి, చీకటి పడ్డాక గుడి దగ్గర కలుసుకోండి. మీలో ఫొటోలు తీయనివాడు ఒక్కడైనా ఉండాలని నా కోరిక. నా చిన్ననాటి మిత్రుడు ఒకడు బడిపంతులు, జీవితంలో కెమెరా పట్టలేదు. ముప్పై ఏళ్లు నాతో తిరిగాడు. అరుగు కనబడితే కూర్చుని, పంటలేమిటి, పిల్లలేం చదువుతున్నారు అని మొదలుపెట్టేవాడు. పది నిమిషాల్లో అక్కడి వాళ్లు నన్ను మరిచిపోయేవారు. ఆ పది నిమిషాలు అతను నాకు ఇచ్చినవే.

మే నెలలో గాలిదుమారం వస్తుంది, జాగ్రత్త. పడమట నల్లగా కమ్ముకుని, నేల పసుపు రంగులోకి మారే ఆ వెలుగు అద్భుతంగా ఉంటుంది. కానీ పిడుగులు పడేది అప్పుడే. ఒంటరి తాటిచెట్టు కిందికి, చెరువు కట్ట మీదికి వెళ్లవద్దు. ఇంకొకటి. అదే సమయానికి యాసంగి వడ్లు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో కుప్పలుగా ఉంటాయి. ఒకసారి అలాంటి వానలో ఒక రైతు తడుస్తున్న కుప్ప మీద టార్పాలిన్ కప్పడానికి ఒంటరిగా పెనుగులాడుతుంటే నేను కెమెరా ఎత్తాను. మా పంతులు ఏమీ అనలేదు, పరుగెత్తి ఒక కొస పట్టుకున్నాడు. నేనూ వెళ్లి రెండో కొస పట్టుకున్నాను. ఆ రోజు ఫొటో లేదు. మీకూ అలాంటి వేళ వస్తే ముందు కొస పట్టుకోండి.

చిన్న చిన్నవి: ఎండలో నిలిపిన కారులో కెమెరా ఉంచవద్దు. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే సంచి తెరవకండి, అద్దానికి ఆవిరి పడుతుంది. ప్రతి రాత్రి ఊరి పేరు, తేదీ, ఆ పండుగను ఆ ఊరివాళ్లు ఏ పేరుతో పిలుస్తారో పుస్తకంలో రాసుకోండి. పదేళ్ల తర్వాత ఫొటో ఎంత విలువైనదో ఆ రాత కూడా అంతే. మృగశిర రాగానే చెరువుల్లో చేపలు పడతారు, దానితో మీ వేసవి ముగుస్తుంది. అది చూడకుండా సెలవులు ముగించవద్దు.

ఈ ఉత్తరంతో ఒక అట్ట కవరు కూడా పంపుతున్నాను. పరకాల వైపు నేను చెప్పిన ఆ ఇంట్లో ఇప్పుడు బోనం ఎత్తుతున్నది అప్పట్లో కొంగు పట్టుకుని నడిచిన మనవరాలు. పోయిన ఏడు నేను తీసిన ఆమె ఫొటో అందులో ఉంది. మోకాళ్ల నొప్పులతో ఈసారి నేను వెళ్లలేను. ఊరి పేరూ, దారీ కవరు వెనుక రాశాను. పండుగకు నలుగురూ వెళ్లి, ఆమె చేతికే ఇచ్చి, చూశాక ఏమందో ఒక్క మాట కూడా వదలకుండా నాకు రాయి.

మీ అమ్మకు నా దీవెనలు చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య